వీకెండ్ హోంవర్క్‌లో జంతువు ప్రాజెక్ట్ వస్తే: చార్ట్ మనం కాకుండా పిల్లలే చేసేలా ఎలా నడిపించాలి (మా ఇంటి బల్లి సాక్షిగా)

శుక్రవారం సాయంత్రం నాలుగు దాటాక క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పడుతుంది చూడండి, "డియర్ పేరెంట్స్, ఈవీఎస్ ప్రాజెక్ట్, నచ్చిన జంతువు గురించి చార్ట్, సోమవారం తెప్పించండి" అని, దాని కిందే లెక్కల షీటు, తెలుగు చూచిరాత రెండు పేజీలు, ఇంగ్లిష్ స్పెల్లింగులు పది. ఇంక ఆ ఇంట్లో శని ఆదివారాలు గోవిందా. నేను ప్రైమరీ టీచర్‌ని, మా చిన్నది వేరే స్కూల్లో నాలుగో తరగతి, అంటే ఆ మెసేజ్ పెట్టేదీ నేనే, అలాంటి మెసేజే వస్తే తల పట్టుకునేదీ నేనే.

ముందు నా నిర్వాకం చెప్పేస్తా. పోయినేడు ఇలాగే ప్రాజెక్ట్ ఇస్తే సింహం అనుకున్నాం. ఆదివారం రాత్రి పదకొండింటి దాకా కూర్చుని థర్మాకోల్‌తో గుహ, ఊలు దారంతో జూలు, స్టేషనరీ షాపులో పది రూపాయల బొమ్మల షీటు కొని కత్తిరించి అతికించడం, అంతా నేనే. పిల్ల తొమ్మిదింటికే నిద్రపోయింది. సోమవారం వాళ్ళ మేడమ్ "సింహానికి జూలు ఎందుకుంటుంది?" అని అడిగితే "మా మమ్మీ అతికించింది మేడమ్" అందట! నవ్వొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది, ఎందుకంటే నా క్లాసులో పిల్లలు తెచ్చే చార్టులు చూసి "ఇది వాళ్ళమ్మ చేసింది, ఇది వాళ్ళ నాన్న ఆఫీసులో కలర్ ప్రింట్ తీసింది" అని ఒక్క చూపులో చెప్పేస్తాను నేను.

ఈ ఏడు వేరేలా చేశాం. బల్లి మీద చేశాం. ఎలా చేశామో వరసగా చెప్తా, మీరు మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

శుక్రవారం సాయంత్రం: మిగతా హోంవర్క్ సంగతి

ముందు మెసేజ్ రెండుసార్లు చదవండి. చార్టా, నోట్‌బుక్‌లో రెండు పేజీలా, మోడల్ కూడా అడిగారా, క్లాసులో నిలబడి చెప్పాలా. సగం ఇళ్ళల్లో చార్ట్ అడక్కపోయినా చార్ట్ చేసేస్తారు, పక్కింటివాళ్ళు చేస్తున్నారు కాబట్టి. డౌట్ ఉంటే గ్రూప్‌లో కాకుండా టీచర్‌కే విడిగా ఒక్క లైన్ మెసేజ్ పెట్టండి, గ్రూప్‌లో అడిగితే ఇరవై మంది ఇరవై రకాలుగా చెప్తారు.

ఇంకోటి, చాలామందికి తెలీదు. 2020లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా అసలు హోంవర్కే వద్దు, 3 నుంచి 5 తరగతులకి వారానికి 2 గంటలకి మించొద్దు. వారానికండి, రోజుకి కాదు. ఇది పట్టుకుని స్కూల్ మీదకి యుద్ధానికి వెళ్ళమని నేను అనట్లేదు, కానీ మనింట్లో కొలతగా వాడుకోవచ్చు: పిల్ల రాత పని మీద వరసగా గంటన్నర కూర్చుందంటే ఇంక చాలు, మిగిలింది డైరీలో "ఇంతవరకే చేయగలిగింది" అని రాసి సంతకం పెట్టేయండి. టీచర్‌గా చెప్తున్నా, అలా రాస్తే మాకేం కోపం రాదు, పైగా ఎంత ఎక్కువ ఇస్తున్నామో మాకూ తెలిసొస్తుంది.

చూచిరాత శుక్రవారమే, స్నాక్స్ తిని ఆడుకుని వచ్చాక అరగంట. లెక్కలు శనివారం పొద్దున, బుర్ర ఫ్రెష్‌గా ఉన్నప్పుడు. స్పెల్లింగులు ఎక్కడైనా సరే, మేం బండి మీద కూరగాయలకి వెళ్తూ చెప్పుకుంటాం. ప్రాజెక్ట్‌ని మాత్రం ఆదివారం సాయంత్రానికి తోయకండి. అక్కడే మనం కత్తెర లాక్కునేది.

జంతువుని ఎంచుకోవడం: సగం పని ఇక్కడే

పిల్లలు ముందు సింహం, పులి, డైనోసార్, డాల్ఫిన్ అంటారు. తప్పులేదు, కానీ సింహాన్ని మనం చూసేది టీవీలోనో జూపార్కులోనో, దాని గురించి ఏం రాసినా ఎవరో రాసిందాన్ని తిరగరాయడమే. నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే: ఈ రెండ్రోజుల్లో పిల్ల తన కళ్ళతో కనీసం అరగంట చూడగలిగే జంతువు అయ్యుండాలి. అంతే. అలా చూస్తే మనింటి చుట్టూనే కావలసినన్ని ఉన్నాయి, ఉడత, కాకి, పావురం, చీమ, తొండ, నత్త, వీధి కుక్క, గేదె.

మా చిన్నదాన్ని "మనింట్లో రోజూ కనపడే జంతువు ఏంటి?" అంటే ముందు "తమ్ముడు" అంది. తర్వాత హాల్లో ట్యూబ్‌లైట్ వెనకాల తోక కనపడేసరికి "ఛీ, బల్లి" అంది. ఆ ఛీ అనడంలోనే ప్రాజెక్ట్ ఉందనిపించింది నాకు. ఎందుకు ఛీ అని అడిగితే జవాబు లేదు. "గోడకి ఎలా అతుక్కుంటుంది?" అంటే దానికీ జవాబు లేదు, కానీ ఈసారి కళ్ళు పెద్దవి చేసింది. ఆ కళ్ళు పెద్దవైన జంతువునే తీసుకోండి. మరీ భయపడే పిల్లలకి బల్లి వద్దు, బలవంతపెట్టకండి, ఉడత హాయి.

ప్రశ్నలు పిల్లల నోటి నుంచే రావాలి

శనివారం మధ్యాహ్నం ఒక తెల్ల కాగితం ఇచ్చి "బల్లి గురించి నీకేం తెలుసుకోవాలనుంది?" అని అడిగి మీరు పక్కనే కూర్చుని ఉల్లిపాయలో చిక్కుడుకాయలో తరుక్కోండి. మొదట మూడు ప్రశ్నలు పుస్తకం భాషలో వస్తాయి, "ఇది ఎక్కడ నివసించును, ఏమి తినును" అని. రానివ్వండి. నాలుగోదాని నుంచి అసలువి మొదలవుతాయి. మా దాని కాగితంలోవి కొన్ని ఉన్నవున్నట్టు: తల్లకిందులుగా ఉంటే తల తిరగదా? రాత్రి లైట్ ఆపేస్తే ఎక్కడికి పోతుంది? కన్ను ఎందుకు ఆర్పదు? తోక ఊడితే నొప్పి పుట్టదా? దాని దొడ్డి మీద తెల్ల చుక్క ఏంటి?

చివరిది చూసి కొట్టేయకండి. ప్రాజెక్ట్ మొత్తంలో అందరికీ గుర్తుండిపోయింది అదే. పది రాయించి అయిదు ఉంచాం, ఏవి ఉంచాలో తననే టిక్ పెట్టమన్నా.

శనివారం రాత్రి: చూడటం

దీనికోసం వేరే ఖర్చేం లేదు, ఒక నోట్‌బుక్, పెన్సిల్, గోడ గడియారం చాలు. ఏడింటికి లైట్ వేసి, టీవీ ఆపి, కుర్చీ గోడకి ఆరేడడుగుల దూరంలో వేసుకుని అరగంట కూర్చోవాలి. ఫోన్‌లో వీడియో తీస్తా అంటారు, మొదటి పావుగంట వద్దనండి, ఫోన్ చేతిలో ఉంటే చూసేది ఫోనే. పేజీలో మూడు గళ్ళు గీయించండి, టైము, ఏం చేసింది, నాకేం అనిపించింది. ఈ మూడో గడి ముఖ్యం, ఎందుకంటే "దానికి ఆకలేసింది" అనేది చూసింది కాదు, అనుకున్నది. ఆ తేడా తొమ్మిదేళ్ళ పిల్లకి ఉపన్యాసం ఇచ్చి చెప్పలేం, గడి గీసి చెప్పొచ్చు.

మా దాని పేజీలో: 7:08 కదల్లేదు. 7:11 కదల్లేదు. 7:14 కదల్లేదు, బోర్. 7:16 చిన్న రెక్కల పురుగు వచ్చింది, బల్లి తోక కొస అటూ ఇటూ ఆడించింది. 7:16 తినేసింది!!! (ఆశ్చర్యార్థకాలు తనవే.) ఆ తర్వాత లేవమన్నా లేవలేదు, ఎనిమిదిం పావు దాకా అక్కడే కూర్చుని ఎన్నిసార్లు దూకింది, ఎన్నిసార్లు దొరికింది గీతలు గీసి లెక్కపెట్టింది, 9 సార్లకి 6. లెక్కల షీటు చేయడానికి ఏడ్చిన పిల్లే.

ఒక చిట్కా. బల్లి కిటికీ అద్దం మీద బయటివైపు పాకుతున్నప్పుడు లోపలి నుంచి చూడండి. పాదాల అడుగుభాగం కనపడుతుంది, వేళ్ళ కింద అడ్డంగా మడతలు మడతలుగా పట్టీలు, పొట్ట పల్చగా తెల్లగా. మా అదృష్టం, మేం చూసినదాని పొట్టలో రెండు గుండ్రటి గుడ్లు చర్మంలోంచి కనిపించాయి. ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే అడుగు తీసేటప్పుడు అది కాలు అలాగే పైకి లాగదు, ముందు వేళ్ళ కొసలు వెనక్కి చుట్టి అప్పుడు ఎత్తుతుంది. మా చిన్నది "స్టిక్కర్ మూల నుంచి పీకినట్టు" అని రాసింది. అంతకంటే బాగా నేను రాయలేను.

పట్టుకోవడం, సీసాలో పెట్టడం వద్దు. తోక వదిలేస్తుంది, పిల్లలు హడలిపోతారు. గోడ, కిటికీ ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, బల్లుల ద్వారా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా రావచ్చు.

పెద్దవాళ్ళని అడగడం

ఇది మానకండి. మా అత్తమ్మ దగ్గర పిల్లని కూర్చోబెట్టి పెన్సిల్ ఇచ్చా. అత్తమ్మ పంచాంగం తీసి బల్లి పాటు పేజీ చూపించింది, ఒంటి మీద ఎక్కడ పడితే ఏం ఫలమో వరసగా ఉంటుంది కదా. కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లి, వెండి బల్లి ముట్టుకున్న సంగతి చెప్పింది. మాట మధ్యలో బల్లి పలికితే "సత్యం" అనుకోవడం చెప్పింది. చివర్లో తనే నవ్వుతూ "ఊరందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితి తొట్టిలో పడిందట" అంది. పిల్ల అడిగిన మొదటి ప్రశ్న "కుడితి అంటే ఏంటి నాన్నమ్మా?" ఇంక గేదెల కథ మొదలు, గంట పట్టింది, పట్టనివ్వండి.

మరి ఇవన్నీ ప్రాజెక్ట్‌లో రాయొచ్చా? రాయొచ్చు, కాకపోతే పేరు పెట్టి. ఇక్కడే నేను మూడు రంగుల పెన్నులు పెట్టా, మొత్తం పద్ధతికి ఇదే ప్రాణం. ఆకుపచ్చ పెన్నుతో "నేను చూసింది", నీలం పెన్నుతో "చదివి తెలుసుకున్నది", ఎర్ర పెన్నుతో "పెద్దవాళ్ళు చెప్పింది". ప్రతి వాక్యం రాసే ముందు "ఇది నీకెలా తెలుసు?" అని ఒక్కటే అడగండి. తనే రంగు ఎంచుకుంటుంది. నాన్నమ్మ మాట తప్పు అని ఎవరూ అనక్కర్లేదు, అది ఎర్రరంగులో ఉంది, అంతే.

చదివి జవాబులు వెతకడం

ఆదివారం పొద్దున. ఫోన్ మీ చేతిలో, ప్రశ్న తన నోట్లో. "బల్లి" అని కొడితే ముందు బల్లి పడితే ఏమవుతుంది అనే వీడియోలే వస్తాయి, అందుకే తెలుగు వికీపీడియా, స్కూల్ లైబ్రరీ పుస్తకం, ఇంగ్లిష్‌లో అయితే హౌస్ గెకో అని వెతకండి. ఒకచోట దొరికింది ఇంకోచోట కూడా ఉంటేనే నీలం పెన్ను. కాపీ కొట్టకుండా ఉండటానికి నా దగ్గరున్న ఉపాయం: చదివించండి, ఫోన్ బోర్లా పెట్టండి, నాన్నకి చెప్పమనండి, చెప్పింది చెప్పినట్టే రాయమనండి. ఏఐ యాప్‌ని అడిగి పేరా దించేస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది నిజమే, నాలుగో తరగతి పిల్ల "పర్యావరణ సమతుల్యతలో కీలక భూమిక" అని రాస్తే మాకు అర్థం కాదనుకుంటున్నారా.

మీకు చెక్ చేసుకోవడానికి పనికొస్తుందని మా అయిదు ప్రశ్నలకి దొరికిన జవాబులు ఇస్తున్నా.

అతుక్కోవడం: బల్లి వేళ్ళకి జిగురూ లేదు, పీల్చుకునే కప్పులూ లేవు. వేళ్ళ కింది పట్టీల మీద కంటికి కనపడనంత సన్నటి నూగు లక్షల్లో ఉంటుంది, ఆ ఒక్కో పోగు కొస మళ్ళీ వందల చీలికలు. అవి గోడకి మరీ దగ్గరగా ఆనడంతో అణువుల మధ్య ఉండే వాండర్ వాల్స్ బలాలు పట్టి ఉంచుతాయి. 2002లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూపించింది ఇదే. నాన్‌స్టిక్ పెనానికి వేసే టెఫ్లాన్ పూత మీద మాత్రం దాని పొడి పాదాలు సరిగ్గా పట్టవు. ఇది చెప్పగానే మా చిన్నది దోసె పెనం వంక చూసింది, ప్రయోగాలు వద్దని ముందే చెప్పేశా.

కన్ను: మన ఇళ్ళల్లో తిరిగే బల్లులకి కదిలే రెప్పలు ఉండవు, కంటి మీద అద్దంలాంటి పొర ఉంటుంది, దుమ్ము పడితే నాలుకతో నాకి తుడుచుకుంటుంది. ఓపిగ్గా కూర్చుంటే ఇది కూడా ఆకుపచ్చ పెన్నులోకి మారొచ్చు.

తోక: శత్రువు పట్టుకుంటే తనే తెంపేసుకుంటుంది, తోక ఎముకల్లో తెగడానికి వీలైన చోట్లు ముందే ఉంటాయి. తెగింది గిలగిలా కొట్టుకుంటుంటే శత్రువు దాన్ని చూస్తూ ఉండిపోతుంది, ఇది జారుకుంటుంది. మళ్ళీ మొలుస్తుంది కానీ లోపల ఎముక ఉండదు, మృదులాస్థి ఉంటుంది, రంగు తేడాగా, కాస్త పొట్టిగా. మీ గోడ మీద బల్లుల తోకలు పరిశీలనగా చూడండి, ఏది పాతదో ఏది కొత్తదో చెప్పేయొచ్చు.

లైట్ ఆపేస్తే: గడియారం వెనకాల, ఫోటో ఫ్రేముల వెనకాల, ట్యూబ్‌లైట్ పట్టీ సందులో. లైట్ కోసం కాదు అది వచ్చేది, లైట్‌కి వచ్చే పురుగుల కోసం. తొలకరి వానకి ఉసిళ్ళు లేచిన రాత్రి చూడండి, దానికి పెళ్ళి భోజనమే.

తెల్ల చుక్క: అది దాని మూత్రమే! మనలా నీళ్ళగా కాకుండా యూరిక్ యాసిడ్‌గా గట్టిగా వస్తుంది, నల్లటిది మలం. పక్షి రెట్టలో తెలుపు కూడా ఇదే. ఒంట్లో నీళ్ళు వృథా కాకుండా చేసుకున్న ఏర్పాటు.

ఇంకోటి, అందరూ అడుగుతారు, విషం. మన ఇళ్ళల్లో బల్లులకి విషం లేదు. అలాగని బల్లి పడ్డ సాంబారు తినమని కాదు, బ్యాక్టీరియా ఉంటుంది కాబట్టి పారబోయాల్సిందే. ఈ రెండూ వేర్వేరు సంగతులని పిల్లలకి చెప్తే చక్కగా అర్థమవుతుంది, పెద్దవాళ్ళకే కష్టం.

తిరుమల కొండల్లో పసుప్పచ్చగా మెరిసే నిజం బంగారు బల్లి ఉంటుంది, కొండ బండల సందుల్లో. వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు అది. కంచి బంగారు బల్లి ఎర్ర పెన్నులో, శేషాచలం బంగారు బల్లి నీలం పెన్నులో పక్కపక్కన రాసింది మా చిన్నది, నాకు అన్నిటికంటే నచ్చిన మూల అదే.

ఆదివారం మధ్యాహ్నం: చార్ట్

లేత రంగు చార్ట్ ఒకటి కొనండి, ముదురు రంగు కొంటే పెన్సిల్ కనపడదు. ముందు రఫ్ కాగితం మీద ఎక్కడ బొమ్మ, ఎక్కడ రాత అని డబ్బాలు గీయించి, తర్వాత చార్ట్ మీద పెన్సిల్‌తో పల్చగా గీతలు. గీతలు కొట్టడంలో మీరు స్కేలు పట్టుకోవచ్చు, మీ సాయం అక్కడితో సరి. బొమ్మ తనే వేయాలి. మా దాని బల్లి మొసలిలా వచ్చింది. చెరిపి నేను వేద్దామని చెయ్యి దురద పెట్టింది, వెళ్ళి గిన్నెలు తోముకున్నా. ఒక్కటి మాత్రం అడిగా, "దానికి వేళ్ళెన్ని, నోట్‌బుక్ చూడు" అని. చూసి నాలుగున్నవి అయిదు చేసింది. తప్పు దిద్దాలంటే అలా తన నోట్సు వైపు తోయండి, జవాబు చేతికివ్వకండి.

స్పెల్లింగ్ తప్పులు రెండు మూడు ఉంటే ఉండనివ్వండి. "ప్రాజెక్టు పని" మార్కులు ఫార్మేటివ్‌లో కలుస్తాయి కదా అని కంగారు పడతారు, మేం చూసేది పిల్ల ఏం చేసింది, ఏం చెప్పగలిగింది అని. థర్మాకోల్, మెరుపుల జిగురు, లామినేషన్, ఇవేవీ అక్కర్లేదు.

సాయంత్రం రెండు నిమిషాలు చెప్పించండి, చార్ట్ చూడకుండా. బట్టీ వద్దు. తమ్ముడినో పక్కింటి పిల్లాడినో కూర్చోబెట్టి "నువ్వు చూసిందాంట్లో ఒకటి చెప్పు" అంటే చాలు, ఆకుపచ్చ పెన్ను లైన్లు వాటంతటవే వస్తాయి.

బల్లి కుదరకపోతే

ఉడత అయితే వీపు మీద చారలు మూడా అయిదా లెక్కపెట్టించండి, మన దక్షిణాదిన ఎక్కువగా మూడు చారలది, ఉత్తరాదిన అయిదు చారలది, రాముడు వేళ్ళతో నిమిరిన కథ ఎర్ర పెన్నుకి సిద్ధంగా ఉంది. చీమలైతే చక్కెర, ఉప్పు, బియ్యప్పిండి మూడు కుప్పలు పెట్టి దేనికి ముందు వస్తాయో టైము రాయించండి. అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా అడుగుతుంటారు, సెకండ్ గ్రేడ్ నుంచే యానిమల్ రిపోర్ట్ ఉంటుందట. టెక్సాస్ వైపు వాకిట్లో లైట్ దగ్గర మన బల్లికి దగ్గరి చుట్టమే తిరుగుతుంటుంది, మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన రకం, అమ్మమ్మకి వీడియో కాల్ చేసి చూపిస్తే ఎర్ర పెన్ను పని కూడా అయిపోతుంది.

చివరగా చార్ట్ చుట్టడం. అందరూ బొమ్మ లోపలికి ఉండేలా చుడతారు, క్లాసులో విప్పితే రెండు చివర్లూ ముడుచుకుపోయి పిల్ల చేతులు పట్టుకోలేవు. బొమ్మ బయటికి ఉండేలా చుట్టి, పైన పాత న్యూస్‌పేపర్ వేసి, రబ్బర్ బ్యాండ్ వదులుగా పెట్టి, ఆదివారం రాత్రే చెప్పుల స్టాండ్ పక్కన నిలబెట్టండి. నోట్‌బుక్ బ్యాగులో పెట్టడం మర్చిపోకండి, మేడమ్‌కి ముందు చూపించాల్సింది "7:14 కదల్లేదు, బోర్" అని రాసిన ఆ పేజీ.